క్యాబ్‌లో, ఆటోలో దాడి జరిగితే: మొదటి మూడు రోజులు, ఆ తర్వాతి న్యాయం



యెరూషలేము నుండి యెరికోకు వెళ్ళే దారిలో దొంగల చేతిలో గాయపడిన మనిషి ఉపమానం మనలో చాలామందికి సండే స్కూలు రోజుల నుండి తెలుసు. అందులో ఒక సంగతి గమనించారా? సమరయుడు ఆ మనిషిని ‘ఒంటరిగా ఎందుకు బయలుదేరావు? ఈ దారిన ఎందుకు వచ్చావు?’ అని అడగలేదు. గాయాలు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించుకున్నాడు. పూటకూళ్ళ ఇంటికి చేర్చి, ఖర్చు కూడా తానే పెట్టుకున్నాడు.

ఈ రోజుల్లో ఫోనులో బుక్ చేస్తే పది నిమిషాల్లో ఇంటి ముందుకు కారో, ఆటోనో, బైకో వస్తుంది. కాలేజీకి, ఉద్యోగానికి, రైలుకి, ఆసుపత్రికి మన ఆడపిల్లలు వీటిలోనే వెళుతున్నారు. బండి నడిపేవారిలో అత్యధికులు కష్టపడి కుటుంబాన్ని పోషించుకునే మంచివారు. అయినా అప్పుడప్పుడు ఘోరాలు జరుగుతున్నాయి. అలా జరిగినప్పుడు ఇంట్లో వినిపించే మొదటి మాట ‘ఆ వేళప్పుడు ఒక్కదానివే ఎందుకు ఎక్కావు?’ అన్నదే.

ఆ ఒక్క ప్రశ్నతో అమ్మాయి నోరు మూసుకుంటుంది. రోజులు గడుస్తాయి. మందులు పనిచేసే గడువు దాటిపోతుంది. సాక్ష్యం చెరిగిపోతుంది. నేరం చేసినవాడు మరుసటి రోజు ఇంకొక ప్రయాణికురాలిని ఎక్కించుకుంటాడు. అందుకే ఆ ప్రశ్నకు బదులు ‘పద, ముందు ఆసుపత్రికి వెళదాం’ అనే మాట మనకు అలవాటు కావాలి. ఆ తర్వాత ఏం చేయాలో, చట్టం ఎవరెవరిని బాధ్యులను చేస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. ఏది నేరం?

‘అత్యాచారం జరిగితేనే కేసు, మిగతావన్నీ చిన్న విషయాలు’ అని చాలామంది అనుకుంటారు. ఇది పొరపాటు. 2024 జూలై 1 నుండి మన దేశంలో అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఈ కిందివన్నీ నేరాలే.

- ప్రయాణంలో స్త్రీని ఉద్దేశించి అసభ్యంగా మాట్లాడడం, సైగలు చేయడం (79వ సెక్షన్).
- లైంగిక కోరిక తీర్చమని అడగడం, ఇష్టం లేకుండా తాకడం, అశ్లీల చిత్రాలు చూపించడం (75వ సెక్షన్).
- ప్రయాణం ముగిసిన తర్వాత కూడా, వద్దన్నా వినకుండా ఫోన్లు చేయడం, మెసేజీలు పెట్టడం, వెంటపడడం (78వ సెక్షన్).
- స్త్రీ గౌరవానికి భంగం కలిగించాలని చేయి చేసుకోవడం, బలప్రయోగం చేయడం (74వ సెక్షన్). దీనికి ఒక సంవత్సరం నుండి అయిదు సంవత్సరాల వరకు జైలు శిక్ష.
- అత్యాచారం (64వ సెక్షన్). దీనికి పది సంవత్సరాలకు తగ్గని కఠిన కారాగార శిక్ష, యావజ్జీవం వరకు పడవచ్చు.

బాధితులు 18 సంవత్సరాల లోపు పిల్లలైతే, ఆడపిల్లయినా మగపిల్లవాడైనా, 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. స్కూలు ఆటోలో, వ్యానులో పిల్లలకు ఇలాంటిది జరిగిందని తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు తెలియజేయాలి. తెలిసి దాచడం కూడా ఆ చట్టం కింద నేరమే.

2. మొదటి 72 గంటలు ఎందుకు ముఖ్యం?

లైంగిక దాడి జరిగిన మనిషిని ప్రాణాపాయంలో ఉన్న రోగిగానే చూడాలి. ఎంత త్వరగా ఆసుపత్రికి వస్తే అంత మేలు. కారణాలు ఇవి.

హెచ్.ఐ.వి. సోకకుండా మందులు: దాడి జరిగిన 72 గంటల లోపు మొదలుపెడితేనే ఇవి ఉపయోగపడతాయి. మొదటి కొన్ని గంటల్లోనే మొదలుపెడితే మరీ మంచిది. 28 రోజులు మానకుండా వాడాలి. తర్వాత డాక్టరు చెప్పిన తేదీలకు రక్త పరీక్షలు చేయించుకోవాలి.

గర్భం రాకుండా అత్యవసర మాత్ర: దీన్ని కూడా 72 గంటల లోపు వేసుకోవాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఫలితం తగ్గుతుంది. నెలసరి తప్పితే దాచుకోకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇతర వ్యాధుల నివారణ: హెపటైటిస్ బి టీకా, ధనుర్వాతం ఇంజెక్షను, సుఖవ్యాధులు రాకుండా యాంటీబయాటిక్ మందులు ఇస్తారు.

సాక్ష్యాల సేకరణ: శరీరం మీద, బట్టల మీద ఉన్న ఆనవాళ్ళు గంట గంటకు తగ్గిపోతాయి. సాధారణంగా నాలుగు రోజులు, అంటే 96 గంటలు దాటితే శరీరం నుండి తీసే నమూనాల్లో ఆనవాళ్ళు దొరకడం కష్టం.

కాబట్టి వీలైనంత వరకు స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా రండి. బట్టలు మార్చుకుంటే విడిచినవాటిని కాగితపు సంచిలో పెట్టి తీసుకురండి. పాలిథీన్ కవరులో పెడితే తేమ చేరి ఆనవాళ్ళు పాడవుతాయి. ఒకవేళ అప్పటికే స్నానం చేసి ఉంటే ‘ఇక లాభం లేదు’ అని ఆగిపోకండి. మందుల కోసమైనా రావాలి. గాయాలు ఉన్నా లేకపోయినా రావాలి. భయంతో కొయ్యబారిపోయి ఎదురు తిరగలేకపోవడం సహజం. ఒంటి మీద గాయం లేదు కాబట్టి దాడి జరగలేదని ఏ డాక్టరూ అనకూడదు.

3. ఆసుపత్రిలో మీ హక్కులు

- ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా, మిషన్ ఆసుపత్రి అయినా బాధితురాలికి వెంటనే, ఉచితంగా చికిత్స చేయాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ఈ మాట చెబుతోంది. చికిత్స నిరాకరిస్తే ఆసుపత్రి బాధ్యులకు ఒక సంవత్సరం వరకు జైలు శిక్ష లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.
- ముందుగా పోలీసు స్టేషనుకు వెళ్ళి ఎఫ్.ఐ.ఆర్. తెస్తేనే చూస్తామని ఆసుపత్రి చెప్పకూడదు. మీరు నేరుగా రావచ్చు. పోలీసులకు సమాచారం ఇవ్వడం ఆసుపత్రి విధి. వారికి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది మీరు ధైర్యం కూడదీసుకుని నిర్ణయించుకోవచ్చు. చికిత్స మాత్రం దాని కోసం ఆగదు.
- ప్రతి పరీక్షకు ముందు మీ అనుమతి తీసుకోవాలి. ఒక పరీక్షకు ఒప్పుకుని మరొక దానికి వద్దనవచ్చు. వద్దన్నంత మాత్రాన చికిత్స ఆపరు.
- ‘రెండు వేళ్ళ పరీక్ష’ ఎవరూ చేయకూడదు. అలా చేసేవారు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని సుప్రీంకోర్టు 2022 అక్టోబరు 31న చెప్పింది.
- వైద్య నివేదిక ప్రతిని ఉచితంగా అడిగి తీసుకోవచ్చు.

4. పోలీసు ఫిర్యాదు

ప్రయాణం ఒక మండలంలో మొదలై, దాడి ఇంకొక చోట జరిగి, మూడో చోట దింపివేసి ఉండవచ్చు. ‘ఇది మా స్టేషను పరిధిలోకి రాదు’ అని ఎవరైనా అంటే భయపడకండి. ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయించుకోవచ్చు. వారే దాన్ని సరైన స్టేషనుకు పంపాలి. లైంగిక నేరం గురించి ఇచ్చిన సమాచారాన్ని నమోదు చేయని అధికారికి ఆరు నెలల నుండి రెండు సంవత్సరాల వరకు కఠిన కారాగార శిక్ష ఉంది (భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్). స్త్రీ వాంగ్మూలాన్ని మహిళా అధికారి నమోదు చేయాలి. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి ఉచితంగా ఇవ్వాలి.

యాప్‌లో బుక్ చేసిన బండి అయితే ఒక సౌకర్యం ఉంది. ప్రయాణం ఎక్కడ మొదలైంది, ఏ దారిన వెళ్ళింది, ఎక్కడ ఆగింది అన్నది కంపెనీ దగ్గర నమోదై ఉంటుంది. కాబట్టి ఈ పనులు వెంటనే చేయండి.

- డ్రైవరు పేరు, ఫోటో, బండి నంబరు, ప్రయాణ వివరాలు ఉన్న పేజీని స్క్రీన్ షాట్ తీసి నమ్మకమైన వ్యక్తికి పంపండి.
- కోపంతోనో భయంతోనో ఆ యాప్‌ను ఫోనులో నుండి తీసివేయకండి. మెసేజీలు, కాల్ వివరాలు చెరపకండి.
- దారిలో ఉన్న దుకాణాల, టోల్ గేట్ల కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లో చెరిగిపోతాయి. వాటిని వెంటనే సేకరించమని పోలీసులను అడగండి.
- యాప్‌లో ఫిర్యాదు చేసినంత మాత్రాన పోలీసులకు చెప్పినట్టు కాదు. కంపెనీ చార్జీ డబ్బులు తిరిగి ఇచ్చి ‘మీ సమస్య పరిష్కరించాం’ అని జవాబు పంపినా కేసు ముగిసినట్టు కాదు.

5. బాధ్యత డ్రైవరు ఒక్కడిదేనా?

ఈ ప్రశ్నకు జవాబు కొన్ని నిజమైన సంఘటనల్లో చూద్దాం.

హైదరాబాదు, 2013: అక్టోబరు 18న మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని హాస్టలుకు వెళ్ళడానికి ఒక కారు ఎక్కింది. అది యాప్‌లో బుక్ చేసిన బండి కాదు. కారులోని ఇద్దరు ఆమెను నగర శివారుకు తీసుకువెళ్ళి అత్యాచారం చేశారు. ఆమె ఫిర్యాదు చేసింది. 2014 మే నెలలో, అంటే ఏడు నెలల్లోనే, కోర్టు ఇద్దరికీ 20 సంవత్సరాల శిక్ష వేసింది. ఆ సంవత్సరం అక్టోబరులోనే హైదరాబాదులో ‘షీ టీమ్స్’ మొదలయ్యాయి.

ఢిల్లీ, 2014: డిసెంబరు 5 రాత్రి ఒక యువతి ఉబర్ యాప్‌లో కారు బుక్ చేసుకుని ఇంటికి బయలుదేరింది. దారిలో నిద్రపోయింది. డ్రైవరు కారును నిర్జన ప్రదేశానికి తీసుకువెళ్ళి అత్యాచారం చేసి, ఎవరికైనా చెబితే చంపుతానని బెదిరించి ఇంటి దగ్గర దింపాడు. ఆమె వెళ్ళిపోతున్న కారు నంబరు ప్లేటును ఫోటో తీసి పోలీసులకు చెప్పింది. రెండు రోజుల్లో అతను దొరికాడు. అంతకుముందే అతని మీద అత్యాచారం కేసు నడిచిందని, సత్ప్రవర్తన పత్రం నకిలీదని అప్పుడు బయటపడింది. 2015 నవంబరు 3న కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష విధించింది. బాధితురాలు అంతటితో ఆగలేదు. డ్రైవరు గురించి సరిగా విచారించకుండా పనిలో పెట్టుకుందని ఉబర్ మీద అమెరికాలో దావా వేసింది. 2015లో కంపెనీ ఆమెతో రాజీ చేసుకుంది.

బెంగళూరు, 2005: డిసెంబరులో ఒక కాల్ సెంటర్ ఉద్యోగిని నైట్ షిఫ్టుకు తీసుకువెళ్ళడానికి వచ్చిన క్యాబ్ డ్రైవరు చేతిలో అత్యాచారానికి, హత్యకు గురైంది. 2010లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. రాత్రి పనిచేసే స్త్రీలకు భద్రమైన రవాణా కల్పించలేదని ఆ కంపెనీ అధిపతి మీద కూడా కార్మిక శాఖ కేసు పెట్టింది. ఆ కేసు కొట్టివేయమని ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2008లో కోర్టు అందుకు ఒప్పుకోలేదు.

ఈ మూడింటిలో నేరస్థుడికి శిక్ష పడింది. తర్వాతి రెండింటిలో ప్రశ్న ఇంకొంచెం ముందుకు వెళ్ళింది: ఆ మనిషిని ఆ బండి మీద కూర్చోబెట్టింది ఎవరు? అతని గత చరిత్ర చూశారా? ఆ ప్రయాణం మీద డబ్బు సంపాదించేవారు దాని భద్రతకు బాధ్యులు కారా?

యాప్ కంపెనీలు సాధారణంగా ఇలా జవాబు చెబుతాయి: ‘మేము బండి నడపడం లేదు. ప్రయాణికుడిని, డ్రైవరును కలుపుతున్నాం, అంతే. డ్రైవరు మా ఉద్యోగి కాడు.’ బెంగళూరులో 2018లో ఓలా క్యాబ్‌లో వేధింపుకు గురైన ఒక మహిళ ఫిర్యాదు చేసినప్పుడు కూడా ఇదే జవాబు వచ్చింది. ఆమె కర్ణాటక హైకోర్టుకు వెళ్ళింది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నివారణ చట్టం కింద డ్రైవరును ఉద్యోగిగానే చూడాలని, కంపెనీ కమిటీ విచారణ జరపాలని, ఆమెకు 5 లక్షల రూపాయల నష్టపరిహారం ఇవ్వాలని 2024 సెప్టెంబరు 30న ఒక న్యాయమూర్తి తీర్పు ఇచ్చారు. కంపెనీ అప్పీలు చేయగా, అక్టోబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు అమలును నిలిపివేసింది. అంటే ఇది ఇంకా కోర్టుల్లో నలుగుతున్న ప్రశ్న. అయినా ఒక సాధారణ ప్రయాణికురాలు పట్టువిడవకుండా అడగడం వల్లే ఆ ప్రశ్న అంత దూరం వెళ్ళింది.

చట్టాలు కూడా నెమ్మదిగా మారుతున్నాయి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, యాప్ కంపెనీలు ప్రభుత్వం నుండి లైసెన్సు తీసుకోవాలని చెప్పారు. కేంద్ర ప్రభుత్వం 2020లో మార్గదర్శకాలు ఇచ్చి, 2025 జూలైలో వాటిని కొత్తగా విడుదల చేసింది. డ్రైవరు గురించి పోలీసు విచారణ, అతనికి ఆరోగ్య పరీక్ష, శిక్షణ, బండి ఎక్కడుందో తెలిపే పరికరం, 24 గంటల కాల్ సెంటరు ఉండాలని అవి చెబుతున్నాయి. వీటిని లైసెన్సు షరతులుగా పెట్టి అమలు చేయవలసింది రాష్ట్రాలే.

మీ సంస్థ ఏర్పాటు చేసిన బండిలో వేధింపు జరిగితే అది పని ప్రదేశంలో జరిగినట్టే. 2013 నాటి చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉంది. మూడు నెలల లోపు సంస్థలోని అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సేవలో లోపం జరిగిందని కంపెనీ మీద వినియోగదారుల కమిషనుకు కూడా వెళ్ళవచ్చు. బాధితుల నష్టపరిహార పథకం కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ స్త్రీలకు ఉచితంగా న్యాయవాదిని కూడా ఇస్తారు.

6. రహస్యం కాపాడడం అందరి విధి

బాధితురాలి పేరు, ఆమెను గుర్తుపట్టే వివరాలు బయటపెట్టినవారికి రెండు సంవత్సరాల వరకు జైలు శిక్ష ఉంది. ఇది పత్రికలకే కాదు, వాట్సాప్ గ్రూపులకూ వర్తిస్తుంది. ప్రార్థన మనవి రూపంలో కూడా ఆమె పేరు చెప్పకూడదు. ఢిల్లీ బాధితురాలు 2017లో మరొక దావా వేయవలసి వచ్చింది. కంపెనీ అధికారులు తన వైద్య నివేదికలను సంపాదించి చూశారన్నది ఆమె ఆరోపణ. ఆ దావా కూడా రాజీతో ముగిసింది. రోగి కాగితం రోగిది. ఆసుపత్రిలో పనిచేసే మనమందరం ఇది మరువకూడదు.

7. ప్రయాణంలో జాగ్రత్తలు

ఈ జాగ్రత్తలు మన మేలు కోసమే. వీటిలో ఒకటి మరిచిపోయినంత మాత్రాన నేరం ప్రయాణికురాలిది అయిపోదు.

- ఎక్కే ముందు బండి నంబరు, డ్రైవరు ముఖం యాప్‌లో ఉన్నవాటితో సరిపోయాయో లేదో చూడండి. సరిపోకపోతే ఎక్కకండి. ‘యాప్‌లో రద్దు చేయండి, తక్కువకు తీసుకెళతాను’ అంటే ఒప్పుకోకండి. రద్దు చేస్తే ఆ ప్రయాణానికి రికార్డు ఉండదు.
- కారులో వెనుక సీటులో కూర్చోండి. పిల్లల తాళం వేసి లేదని, తలుపు లోపలి నుండి తెరుచుకుంటుందని చూసుకోండి.
- ప్రయాణ వివరాలను ఇంటివారికి పంపండి. దారి మారితే గట్టిగా ఫోనులో మాట్లాడండి.
- 2019 నుండి కొత్తగా వచ్చిన టాక్సీలలో అత్యవసర బటన్ ఉండాలి. అది ఎక్కడుందో ఎక్కగానే చూడండి.
- తెలంగాణలో ‘టీ-సేఫ్’ అనే పోలీసు సేవ 2024 మార్చి నుండి ఉంది. స్మార్ట్ ఫోను లేనివారు కూడా 100కు ఫోను చేసి 8 నొక్కి ప్రయాణాన్ని పోలీసుల పర్యవేక్షణలో పెట్టవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 నుండి ‘శక్తి’ యాప్ ఉంది.

8. కుటుంబానికి, సంఘానికి ఒక మాట

రెండవ సమూయేలు గ్రంథం 13వ అధ్యాయంలో తామారు కథ ఉంది. ఆమెకు జరిగిన అన్యాయం గురించి అన్న ఆమెను మౌనంగా ఉండమన్నాడు. తండ్రి దావీదుకు కోపం వచ్చింది, కానీ దోషిని శిక్షించినట్టు ఎక్కడా లేదు. ఆ కుమార్తె అన్న ఇంట్లో దిక్కులేనిదానిలా ఉండిపోయింది. రెండు సంవత్సరాల తర్వాత ఆ కుటుంబంలోనే పగ రక్తపాతమైంది. ఇంటి పరువు కోసం పాటించిన మౌనం ఆ ఇంటిని కాపాడలేదు.

మీ బిడ్డ వచ్చి చెబితే ముందు వినండి. ‘నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పు లేదు’ అనండి. ఉద్యోగం మాన్పించడం, తొందరపడి పెళ్ళి చేయడం, ఊరు పంపేయడం శిక్షలే గాని మందులు కావు. నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడడం, బండి ఎక్కాలంటే వణుకు రావడం కొన్ని వారాలు ఉండవచ్చు. నెల దాటినా తగ్గకపోయినా, చనిపోవాలన్న మాటలు వచ్చినా మానసిక వైద్యుని దగ్గరకు తీసుకురండి. ప్రార్థన చేయండి, వైద్యమూ చేయించండి. రెండూ దేవుడు ఇచ్చినవే.

మన సంఘాల్లో ఆటో, క్యాబ్ నడిపే సహోదరులు చాలామంది ఉన్నారు. అన్నలారా, తమ్ములారా, మీ లాగిన్ ఇంకొకరికి ఇవ్వకండి. మీ పేరు మీద వేరొకరు బండి నడిపితే ఆ బాధ్యత మీ మెడకు చుట్టుకుంటుంది. స్టాండులో తోటివాడు ప్రయాణికురాలి గురించి తప్పుగా మాట్లాడితే అక్కడే ఆపండి. అర్ధరాత్రి దింపిన అమ్మాయి గేటు లోపలికి వెళ్ళేదాకా ఒక్క నిమిషం ఆగండి. అదీ సమరయుని పనే.

ఆలోచించి చర్చించుకోండి

1. మన ఇంట్లో ఆడపిల్ల ఇలాంటి సంగతి భయపడకుండా మొదట ఎవరికి చెప్పగలదు?
2. 72 గంటల లోపు ఆసుపత్రికి రావడం వల్ల కలిగే నాలుగు ప్రయోజనాలు ఏమిటి?
3. డ్రైవరుతో పాటు ఇంకా ఎవరెవరిని జవాబు అడగవచ్చు?
4. మన సంఘం బాధితురాలి పేరు బయటపెట్టకుండా ఆమెకు ఎలా తోడుగా ఉండగలదు?

ఇంట్లో గోడ మీద రాసి ఉంచుకోండి: అత్యవసరానికి 112. మహిళల హెల్ప్‌లైన్ 181. పిల్లల కోసం 1098. ఉచిత న్యాయ సహాయం 15100. మానసిక ధైర్యం కోసం టెలీ మానస్ 14416. జిల్లాలోని సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు, న్యాయ సహాయం, తలదాచుకునే చోటు ఒకే దగ్గర దొరుకుతాయి.

పూటకూళ్ళ ఇంటి తలుపు ఆ రాత్రి గాయపడినవాని కోసం తెరుచుకుంది. ఆసుపత్రి తలుపు కూడా అలాగే ఏ వేళకైనా తెరిచి ఉంటుంది. లోపలికి వచ్చినవారిని ఎందుకు వెళ్ళావని ఇక్కడ ఎవరూ అడగరు.